టర్కీ కోడిని కూరముక్కలు కొట్టిన గురువారం

మా సంఘంలో ఈ మధ్య హోటల్ చదువు చదివే పిల్లలు ఎక్కువయ్యారు. ఆరాధన ముగిసి చెప్పులు వెతుక్కునే వేళకు ఎవరో ఒకరు నా పక్కకు చేరి, దుబాయ్‌లో వంటశాల ఉద్యోగం ఎలా ఉంటుందని అడుగుతారు. ఇరవై రెండేళ్లలో నేను చేసిన ఘనకార్యాలు చెబుదామని నోరు తెరుస్తాను. అవి రెండు నిమిషాల్లో అయిపోతాయి. తప్పులు చెప్పడం మొదలుపెడితే మాత్రం పిల్లలు కదలరు. అందుకే నా తప్పుల్లో పెద్దదాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను. బయల్దేరేవాళ్లు చదువుకుని బయల్దేరండి.

నా ఉద్యోగం దుబాయ్‌కి తూర్పున, ఫుజైరాలో. దుబాయ్ అనగానే మీ కళ్లకు కనిపించే అద్దాల మేడలు అక్కడ లేవు. ఒక పక్క బోడి కొండలు, ఇంకో పక్క సముద్రం, ఆ సముద్రంలో ఇంధనం కోసం వరస కట్టి నిలబడ్డ ఓడలు. ఒడ్డున నూనె నిల్వ చేసే పెద్ద ట్యాంకులు. ఆ ట్యాంకులు కట్టించే ఇంజినీర్ల గెస్ట్‌హౌస్‌లో భోజనశాలకు నేను ఇన్‌చార్జిని. ఏం వండాలో చెప్పడం, సరుకు తెప్పించడం, వచ్చిన మాటలు పడటం నా పని. వండేవాడు వేరే ఉన్నాడు.

ఆ వండేవాడిది జగిత్యాల వైపు పల్లె. నాకంటే పదేళ్లు చిన్న. మొదట సైట్‌లో ఇటుకలు మోయడానికి వచ్చి, లేబర్ క్యాంపులో తోటివాళ్లకు వండిపెడుతూ వంటవాడైపోయాడు. ఎక్కడా నేర్చుకోలేదు. అన్నం దమ్ మీద ఉన్నప్పుడు మూతకు చెవి ఆనించి లోపలి చప్పుడు విని దించేవాడు. హిందువు. అయినా ప్రతి శుక్రవారం మా తెలుగు సంఘం కూడికకు వచ్చేవాడు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందుకు బిర్యానీ అతనిదే. ఒకసారి మా పాస్టరుగారు అతన్ని దగ్గరికి పిలిచి, నువ్వు కూడా ప్రార్థిస్తావా నాయనా అని అడిగారు. "జేస్త సార్. మీ ప్రార్థన లేట్ అయి నా అన్నం మాడొద్దని జేస్త" అన్నాడు. ఆ రోజు ముగింపు ప్రార్థన నాది. ఎందుకో పొట్టిగా చేశాను.

మా గెస్ట్‌హౌస్‌లో ఆ ఏడాది, అంటే 2021లో, ఏడుగురు అమెరికావాళ్లు ఉండేవారు. వాళ్ల పెద్దను అందరం ముదీర్ అనేవాళ్లం, అరబ్బీలో మేనేజరు అని. అరవై దాటిన మనిషి. కోవిడ్ వల్ల రెండేళ్లుగా ఇంటికి వెళ్లలేదు. వాళ్ల పండుగలు నాకు అప్పటికి బాగానే అలవాటయ్యాయి. జూలై నాలుగున, గుడ్డు పెడితే ఉడికే ఎండలో, బయట బొగ్గులు రాజేసి మాంసం కాల్చుకుంటారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజట. మనం జెండా ఎగరేసి బిళ్లలు పంచి నీడకు పోతాం, వాళ్లు చెమటలు కక్కుతూ తింటారు. అక్టోబరు ఆఖర్న గుమ్మడికాయకు కళ్లూ కోరలూ చెక్కి లోపల దీపం పెడతారు. అది నాకు నచ్చేది కాదు. దయ్యాల పండుగకు మనం చేతులు కలపకూడదని వంటవాడికి గట్టిగానే చెప్పాను. అతను ఆ గుమ్మడికాయను అటూ ఇటూ తిప్పి చూసి, "మా ఇంటి ముంగట దిష్టికి కట్టే గుమ్మడికాయకు గూడ గిట్లనే కండ్లు మూతి గీస్తరన్నా. వీళ్లు జర మంచిగ చెక్కిన్రు" అని తేల్చేశాడు.

కాని నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ మీద నాకు చిన్నప్పటి బంధువు మీద ఉన్నంత ప్రేమ. మా నాన్న సంఘపెద్ద. కోతపండుగ నాడు చర్చిలో వేదిక ముందు వడ్ల బస్తాలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు పెట్టి దేవుడికి కృతజ్ఞత చెప్పిన వాళ్లలో పుట్టినవాణ్ణి. దూరదేశం పోయి, మొదటి పంట చేతికొచ్చినప్పుడు దేవుణ్ణి తలచుకుని బల్ల దగ్గర కూర్చున్నారంటే ఆ జనం నాకు పరాయివాళ్లు ఎలా అవుతారు? ముదీర్ నన్ను పిలిచి, ఈసారి పండుగ ఇక్కడే చేసుకుంటున్నాం, మా ఇంట్లో లాగే చేయాలి అన్నప్పుడు, ఆ పని దేవుడే నా చేతిలో పెట్టాడనుకున్నాను. ఆయన తన ఇంటి పండుగ ఫొటో ఒకటి నా ఫోన్‌కు పంపాడు. పెద్ద పళ్లెంలో టర్కీ కోడి. తల తప్ప అన్నీ ఉన్నాయి. తోలుతో సహా నిండుగా కాల్చి, కాళ్లు దారంతో కట్టి, బంగారం పూత పూసినట్టు మెరుస్తోంది. ఇంటి పెద్ద బల్ల తలాపున నిలబడి అందరి ముందూ దాన్ని కోసి పంచాలట. అదే పండుగలో అసలు ఘట్టం.

ఆ ఫొటో నేను వంటవాడికి చూపించలేదు.

మర్చిపోలేదు. ఇప్పుడు దాచేదేముంది, చూపించబుద్ధి కాలేదు. ఆ వంటింట్లో మిగతా అన్నీ అతనికే తెలుసు. ఉప్పు అతనికే తెలుసు, మంట అతనికే తెలుసు. ఈ ఒక్కటి నాకు తెలుసు. నేను దగ్గరుండి చేయించి, చూశావా ఇదీ పద్ధతి అనాలని నా కోరిక. గర్వం ఎప్పుడూ పట్టుబట్టల్లో రాదు పిల్లలూ, నా దగ్గరికి ఆప్రాన్ కట్టుకుని వచ్చింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. వంటవాడి వీసా గడువు డిసెంబరుతో ముగుస్తుంది. పొడిగించాలా, కాన్సిల్ చేయాలా అన్న కాగితం అప్పుడు ముదీర్ బల్ల మీద ఉంది. కోవిడ్ దెబ్బకు కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంటోంది. ఏ చిన్న వంక దొరికినా ఖలాస్. అతని కూతురు కరీంనగర్‌లో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఆ పిల్ల మార్కులు వచ్చినప్పుడల్లా ఫోన్ తెచ్చి నాకు చూపించేవాడు. తనకు ఇంగ్లిష్ చదవడం రాదు కనుక, నేను ఒక్కో సబ్జెక్టూ పైకి చదవాలి.

గురువారం పొద్దున నేను వ్యాన్‌లో దుబాయ్ వెళ్లాను. టర్కీతో నంజుకునే ఎర్రపళ్ల పచ్చడి, అదే క్రాన్‌బెర్రీ, ఫుజైరా కొట్లలో అయిపోయింది. అక్కడి డేరా బజారులో రెండు కొట్లు తిరిగి మూడో కొట్లో పట్టుకున్నాను. దారిలోనే ఫోన్ చేసి, సోమవారం నుంచి ఫ్రిజ్‌లో కరుగుతున్న పెద్ద టర్కీ కోళ్లు రెండూ బయటికి తీసి, కడిగి, ఉప్పూ కారం పట్టించి పెట్టు, మిగతాది నేనొచ్చి చూస్తాను అన్నాను. మంచిదన్నా అన్నాడు.

రెండు గంటలకు వంటింట్లో అడుగు పెట్టాను. పెద్ద స్టీల్ తొట్టిలో పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి. వాటిలో మునిగి, ఒకే కొలతకు కొట్టిన ముక్కలు. పక్కన చెత్తబుట్టలో తెల్లగా, మడతలు మడతలుగా, రెండు కోళ్ల తోలు.

అతను చేసినదాంట్లో వింతేముంది? మన వంటవాడి చేతికి కోడి వస్తే మొదట తోలు తీస్తాడు, తర్వాత ముక్కలు కొడతాడు. ఇరవయ్యేళ్లుగా ఆ చేతులు వేల కోళ్లకు చేసిన పని అదే. కోడిని ముక్కలు చేయకుండా కాల్చి తోలుతో పాటు తినే మనుషులు ఉంటారని అతనికి ఎవరు చెప్పారు?

నేను నెత్తి పట్టుకుని గోధుమపిండి డబ్బా మీద కూలబడ్డాను. అప్పుడు ఫొటో చూపించాను. అతను ఫోన్ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు.

"గిది పొద్దుగాల చూపిస్తే అయిపోతుండె గదన్నా" అన్నాడు, అంతే.

ఫుజైరా అంతా ఫోన్లు చేశాను. ఇంకో టర్కీ కోడి లేదు. దుబాయ్ మళ్లీ వెళ్లి రావడానికీ, గడ్డకట్టిన కోడి కరగడానికీ మూడు రోజులు కావాలి, మాకు ఉన్నది నాలుగు గంటలు. మామూలు కోళ్లు ఎనిమిది తెప్పించి ముక్కలు చేయకుండా కాల్చేద్దామన్నాను. పెద్ద కోడి అని చెప్పి చిన్న కోళ్లు పెడితే అది ఇంకో తప్పవుతుందని అతనే వద్దన్నాడు.

సరిగ్గా మూడు గంటలకు ముదీర్ ఫోన్ చేశాడు. కోడి ఓవెన్‌లోకి వెళ్లిందా, రంగు తిరుగుతోందా, వచ్చి ఒకసారి చూడనా అని పిల్లాడిలా అడుగుతున్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "సార్, పొరపాటు జరిగింది. నేను దుబాయ్ వెళ్లాను. ఈలోగా వంటవాడు నన్ను అడక్కుండా కోళ్లను ముక్కలు కొట్టేశాడు."

ఆయన, సరే, ఉన్నదేదో వండమనండి, అతని సంగతి నేను చూసుకుంటాను అని పెట్టేశాడు.

వంటవాడు నాలుగడుగుల దూరంలో ఉల్లిపాయలు కోస్తున్నాడు. ఇంగ్లిష్ చదవలేడు కాని, ఇన్నేళ్లు మా మధ్య తిరిగినవాడికి ఆపాటి మాటలు అర్థం కావా? కత్తి ఆపాడు.

"నా మీద చెప్పినవా అన్నా?"

ఏదో తొందరలో మాట అలా వచ్చింది, రేపు నేను సర్దుతానులే అన్నాను. అతను బిర్యానీకే పెడదామని, ఈ కోడి కండ గట్టిది కనుక ముందు కొంచెం ఉడికించి దమ్ పెట్టాలని, పచ్చి బొప్పాయి తురిమి వేయమని హెల్పర్లిద్దరికీ చెప్పాడు. మూకుడు పొయ్యి మీద పెట్టాడు.

నేను సరుకుల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని బియ్యం బస్తాల మధ్య మోకాళ్లూనాను. ప్రార్థనలో నేను దిట్టనని మా సంఘంలో పేరు. ముక్క మెత్తగా ఉడకాలని ప్రార్థించాను. అమెరికావాళ్ల నాలుకలకు కారం తగలకూడదని ప్రార్థించాను. నా పరువు కాపాడమని ప్రార్థించాను. అబద్ధం మాట మాత్రం ఎత్తలేదు. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని కాబోలు. ఆదివారపు బడిలో ఎన్నేళ్లు పాఠం చెప్పాను! తోటలో దేవుడు నిలదీస్తే మొదటి మనిషి పక్కనున్న మనిషిని చూపించాడని, మనం అలా చేయకూడదని పిల్లలతో మూడుసార్లు పలికించేవాణ్ణి. బైబిల్లో చలిమంట దగ్గర గురువును ఎరగనన్న శిష్యుడికైనా కోడి కూసి గుర్తు చేసింది. నా కోడి అప్పటికే ముక్కలై పెరుగులో ఉంది.

సాయంత్రం ఆరింటికి గెస్ట్‌హౌస్ ముందు పచ్చికలో పొడుగాటి బల్ల వేశారు. నవంబరు గనుక గాలి హాయిగా ఉంది. చిలగడదుంపల మీద పంచదార మిఠాయి పెట్టి కాల్చిన వంటకం, మొక్కజొన్న రొట్టె, గుమ్మడికాయ గుజ్జుతో చేసే ‘పై’ అనే తీపి పిండివంట, అన్నీ మేం చేసినవే. ఎర్రపళ్ల పచ్చడి మధ్యాహ్నమే వంటవాడు రుచి చూసి, పంచదార పడ్డ గోంగూర అని పేరు పెట్టాడు. ఆ రోజు ఎవరూ నిలబడి వడ్డించకూడదని, వంటింటి వాళ్లు కూడా బల్ల దగ్గరే కూర్చోవాలని ముదీర్ నియమం. అది వాళ్ల ఇంటి ఆచారమట. వంటవాడు ఉతికిన చొక్కా వేసుకుని నాకు ఎదురుగా కూర్చున్నాడు. నా వైపు చూడటం లేదు. బల్ల మధ్యలో, పిండితో మూత అంటించిన బిర్యానీ డేగిసా. బల్ల తలాపున ముదీర్. ఆయన ముందు తెల్లగుడ్డ మీద ఎముక పిడి ఉన్న పొడుగాటి కత్తి. ఆయన నాన్నదట. ఏ దేశం పోయినా పెట్టెలో పెట్టుకుని తిరుగుతాడట. కోయడానికి కోడి లేక ఆ కత్తి ఊరికే పడి ఉంది. నేను దాన్ని చూడలేక ఓడల వైపు చూస్తున్నాను.

తినే ముందు ఒక్కొక్కరూ ఈ ఏడాది దేనికి కృతజ్ఞులో చెప్పాలి. మనవాళ్ల సాక్ష్యాల్లాంటిదే. కాకపోతే వాళ్లు ఒక్క వాక్యంలో ముగిస్తారు. ఒకావిడ తన తల్లి ఐసీయూ నుంచి నడిచి బయటికొచ్చిందని చెప్పింది. ఒకతను రేపు సెలవైనందుకు అన్నాడు. అందరూ నవ్వారు. వంతు నాకు వచ్చింది.

నేను లేచాను. సాక్ష్యం చెప్పమంటే ముప్పావుగంట తగ్గనివాణ్ణి. దేవుడు చేసిన మేలులు అంటూ మొదలుపెట్టాను. మొదటి మేలు నోట్లో ఉండగానే, ఎదురుగా వంటవాడి చేతులు కనిపించాయి. బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. వేళ్ల నిండా పసుపు. మాట ఆగిపోయింది. నా జీవితంలో అంత పొట్టి సాక్ష్యం మళ్లీ చెప్పలేదు.

"సార్, కోళ్లు పాడైంది నా వల్ల. మీరు పంపిన ఫొటో నేను ఇతనికి చూపించలేదు. కావాలనే చూపించలేదు. మూడు గంటలకు మీతో ఫోన్‌లో చెప్పింది అబద్ధం. ఇతని తప్పు ఏమీ లేదు."

కూర్చున్నాను. హెల్పర్లిద్దరూ పళ్లేల్లోకి చూస్తున్నారు. తర్వాతి వంతు వంటవాడిది. ముదీర్ అతని వైపు తిరిగి, మీరూ చెప్పండి అన్నాడు. అతను లేవలేదు. హిందీలో చెప్పాడు, నేనే ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. నా బిడ్డ చదువుకుంటోంది, అందుకు శుకరియా అన్నాడు. నా వైపు తిరిగి, "ఇంకోటి గూడ చెప్పన్నా వాళ్లకు. వచ్చే యేడు ఫొటో సీదా నాకే పంపమను, నడుమ నువ్వొద్దు" అన్నాడు. ఇది తెలుగులో, నా ఒక్కడికే. మాటకు మాట ఇంగ్లిష్‌లో చెప్పాను. ఒక్క అక్షరం తగ్గించలేదు. బల్ల అంతా గొల్లుమంది. ముదీర్ నవ్వలేదు కాని గడ్డం నిమురుకున్నాడు.

తర్వాత ఆయన ఏమనుకున్నాడో, వాళ్ల నాన్న కత్తి చేతికి తీసుకుని లేచి డేగిసా దగ్గరికి వచ్చాడు. ఇది ఎలా తెరవాలి అని వంటవాణ్ణి అడిగాడు. వంటవాడు లేచి పక్కన నిలబడి, ఎండిన పిండి మీద వేలితో గీత చూపించాడు. ముదీర్ ఆ గీత వెంబడి, కోడిని కోసినంత శ్రద్ధగా, చుట్టూ కోశాడు. మూత లేవగానే వచ్చిన ఆవిరికి ఆయన కళ్లద్దాలు మసకబారాయి. వాసన పచ్చిక దాటి గేటు దగ్గర సెక్యూరిటీ అతని దాకా పోయింది, అతనూ లేచి నిలబడ్డాడు. ఆ ఏడుగురూ ముక్కుల వెంట నీళ్లు కార్చుకుంటూ, మంచినీళ్లు తాగుతూ, మళ్లీ మళ్లీ వడ్డించుకుని తిన్నారు. ఒకతను ఎర్రపళ్ల పచ్చడి బిర్యానీలో కలుపుకున్నాడు. వంటవాడు అటు నుంచి మొహం తిప్పుకున్నాడు.

ఆదివారం ఆఫీసు తెరవగానే ముదీర్ నన్ను పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి నాకు హెచ్చరిక పత్రం. నా ఉద్యోగంలో అదే మొదటిది, అదే ఆఖరిది. సంతకం చేయమన్నాడు, చేశాను. రెండోది వంటవాడి వీసా కాగితం. పొడిగించమని టిక్కు పెట్టి ఉంది. దాని కింద, కాన్సిల్ అన్న గడిలో కూడా ఒక టిక్కు ఉంది, అడ్డంగా కొట్టేసి. ఆయన ఆ కొట్టేసిన టిక్కు మీద వేలు పెట్టి చెప్పాడు.

"ఇది గురువారం మూడుంబావుకి పెట్టాను. భోజనం కాగానే పై ఆఫీసుకు పంపుదామని. మీరు తర్వాత ఎప్పుడో చెప్పి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు."

రేపు సర్దుతానులే అన్న నా మాట గుర్తొచ్చింది. రేపు అంటే శుక్రవారం. నేను సర్దేసరికి ఆ కాగితం వెళ్లిపోయి, అతని తిరుగు విమానం ఖాయమై ఉండేది.

నేరుగా వంటింటికి వెళ్లాను. అతను మధ్యాహ్నానికి పప్పుకు పోపు వేస్తున్నాడు. వీసా సంగతి, ఆ రెండు టిక్కుల సంగతి, నా హెచ్చరిక పత్రం సంగతి ఏదీ దాచకుండా చెప్పాను. క్షమించు తమ్ముడూ అన్నాను. అంతకుముందు ఆ మాట నేను దేవుడితో తప్ప ఎవరితోనూ అన్నట్టు గుర్తులేదు. దేవుడితో అనడం తేలిక, ఆయన వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడడు.

అతను పోపు మాడకుండా ముందు మూకుడు దించాడు.

"ఆరు గంటలకు చెప్పినవు గద, మంచిదే అన్నా. గని మూడింటికెళ్లి ఆరింటిదాక నేను అన్నంల ఉప్పు ఎంత ఏసిన్నో నాకు యాది లేదు."

"ఉప్పు సరిగ్గానే ఉంది కదయ్యా."

"సరిగ్గనే ఉన్నది. చెయ్యి ఏసింది, నేను గాదు" అన్నాడు. పప్పు గిన్నె నా ముందుకు జరిపి, చెంచా నా చేతిలో పెట్టాడు. "ఇగో, గిది చూడు. ఇయ్యాల నేనే ఏసిన."

రుచి చూశాను. ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది. ఉన్నదున్నట్టు చెప్పాను.